చెక్కుబందీ

ముప్పై ఏళ్ళుగా పరాయివాళ్ళ హద్దులు రాస్తున్నాను.
తూర్పు పుంత, దక్షిణం ఫలానావారి జిరాయితీ,
పడమర పంటబోదె.
మావాళ్ళ హద్దులు రాయమని ఎవరూ అడగలేదు,
మొన్న వీరవేణత్త రేకుపెట్టె మోసుకొచ్చి
నా రాతబల్ల మీద దించేదాకా.

తెరిస్తే పొగాకు వాసన.
సొరనూనె మరకల గుడ్డసంచిలో
చెద కొరికిన ఏడు కాగితాలు, రెండు తాటాకులు.
ఆకుల మీద గంటపు గీతలే ఉన్నాయి, మసి ఎప్పుడో రాలిపోయింది.
దీపపు మసీ ఆకుపసరూ కలిపి రుద్దాను.
పాటు దిగిన కయ్యలో ఎండ్రకాయలు లేచినట్టు
అక్షరాలు ఒక్కొక్కటే పైకొచ్చాయి.

సంగాడి లోవడు. మా ముత్తాతకు తాత.
మా ఇంట్లో చెప్పుకునేది ఇదీ:
మూడోడల ఆసామి. తాళ్ళరేవు నుంచి రంగం దాకా సరుకు.
వికారి కార్తీకంలో ఉప్పెన వచ్చిన రాత్రి
లంగరుతాళ్ళు నరికి, ఓడల్ని దాని మానాన వదిలి,
పేటలో పిల్లల్ని తాటిచెట్లకు కట్టి,
తను కొట్టుకుపోయాడు.
ఏటా ఆ బహుళంలో ఆయన పేర ముద్ద పెడతాం.

తాటాకులో ఓడలు లేవు.
ఒక ఓడకు పదకొండు రోజులు
నార కూరి గుగ్గిలం పూసిన కూలి ఉంది.
నూకాలి కడియం తాకట్టు ఉంది.
ఇంకో కాగితంలో ఆయన వట్టి సరిహద్దు:
ఎవరో షావుకారు కొన్న ఉప్పుకొట్టుకు
"ఉత్తరం, ఓడవడ్రంగి లోవడి పాక."
అది చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.
ఆస్తిపరుడి గొప్పలు ఎన్నయినా రాస్తాం మేము,
పక్కవాడి పేరు తప్పితే మాత్రం దావా పడుతుంది.
లేఖరి ఒళ్ళు దగ్గర పెట్టుకునేది హద్దుల దగ్గరే.

అదే కొట్టు మరుసటేడు చేతులు మారింది.
కొలతలు అవే. తూర్పు, పడమరల్లో పాతవాళ్ళే.
ఉత్తరం: ఏరు.

ఆయనకు చేవ్రాలు రాదు. సంతకానికి బదులు
బాడిస బొమ్మ గీసేవాడు.
వాదర కుడిమూల చిన్న గంటు.
చెయ్యి వణికిందేమో అనుకున్నాను మొదట.
గీసిన ప్రతిచోటా అదే గంటు.
ఆయన బాడిసకే అక్కడ పెంకు ఊడి ఉంటుంది,
ఉన్నదున్నట్టు గీశాడు.

ధవళేశ్వరంలో మట్టపర్తి సూరన్న అని తోటి లేఖరి.
అటక దులుపుతూ దొరికిన కట్టలోంచి
ఒక కాగితం పంపాడు,
నువ్వు వెతికే బొమ్మలా ఉంది చూసుకో అని.
ప్లవంగ సంవత్సరం. ఆనకట్ట రాళ్ళు మోసే పడవలకు
మద్దికలప సరఫరా కరారు.
సాక్షులు ముగ్గురు.
మూడోవాడి పేరు చిరిగిపోయింది, బాడిస మిగిలింది.
కుడిమూల గంటు.

ఉప్పెన వెళ్ళిన ఎనిమిదేళ్ళకు.

పనిముట్టు ఇంకెవడికో దొరికి ఉండొచ్చు.
బురదలో తేలి, సంతలో అమ్ముడుపోయి.
నేనే అయితే ఆ మాట కోర్టులో నిలబెట్టగలను.
కానీ పిడి చివర ఆ వంపు,
సిరా ఆగి మళ్ళీ కదిలిన చోటు,
పాత కాగితాన్ని దీని మీద పెట్టి
కిటికీ వెలుగుకు ఎత్తి చూశాను. చాలాసేపు చూశాను.

నూకాలు ఆ తర్వాత పాతికేళ్ళు ఉప్పుమళ్ళలో పనిచేసింది.
అదీ రాసే ఉంది, కుంచాల లెక్కన.
చంకలో పిల్లాడితో వెళ్ళిందో,
బొట్టు ఉంచుకుందో తీసేసిందో, అది లేదు.

మూడు రోజులు దాచి అత్తకు చెప్పాను.
ముద్ద ఆపెయ్యమంటుందనుకున్నాను,
లేదా నన్నూ నా కాగితాల్నీ కలిపి తిడుతుందని.
అడ్డచుట్ట నోట్లోంచి తీసి
నుసి రాల్చి,
ఆరిందో లేదో చూసుకుని,

"ఎనిమిదేళ్ళు," అంది.
"కూడెవరు వండిపెట్టారో
అందులో ఉందా?"