టాలీ

ఇంగ్లీషు క్రియ మన ఒడ్డున దిగగానే
కాళ్లు పోగొట్టుకుంటుంది.
తనంతట తాను నడవలేదు, మన ‘చెయ్యి’ పట్టుకోవాలి:
ఫోన్ చెయ్యి, లోడ్ చెయ్యి, టాలీ చెయ్యి.
ఆ ఆఖరి చెయ్యే
పోర్టులో ముప్ఫై ఏళ్లు నాకు జీతమిచ్చింది.

ఇన్నర్ హార్బర్, రాత్రి షిఫ్టు.
నాలుగు నిలువు గీతలు, వాటి మీదొక అడ్డగీత,
మోపు కట్టినట్టు.
‘‘మోపేరా అది’’ అన్నారు బెహరా గారు
టీ గ్లాసు బొల్లార్డు మీద పెట్టి.
‘‘ఈ మాట పుట్టిందే పుల్లలోంచి.
లాటిన్లో నరికిన కొమ్మముక్క.
అప్పిచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ
ఒకే పుల్లకి గాట్లు పెట్టి, నిలువునా చీల్చి
చెరో సగం ఇంటికి పట్టుకెళ్లేవారు.
తీర్చేనాడు పక్కపక్కన పెడితే
గాటుకి గాటు అందాలి.
లెక్కపెట్టడం కాదు దానర్థం, కలవడం.’’
చీపురుపుల్ల చీల్చి చూపించబోయారు.
వంకరగా చీలింది. సన్న సగం నాకొచ్చింది.

ఆ తెల్లవారుజామున ఓడవాళ్ల పుస్తకంలో
పన్నెండు వేల నాలుగువందల డెబ్భై తొమ్మిది.
మా పుస్తకంలో ఎనభై.
ఒక్క బియ్యం బస్తా.
టార్పాలిన్లెత్తాం, హాచ్‌లో టార్చిలేశాం.
డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌసు కూడా
తన డ్యూటీ కాకపోయినా తిరిగి తిరిగి వెతికింది.
పైలట్ ఎక్కేశాడు. తాళ్లు విప్పుతున్నారు.
బెహరా గారు రసీదు మీద రాశారు:
ఒక బస్తా వివాదంలో ఉన్నది.
ఓడలో ఉన్న యెడల అప్పగించబడును.

షిఫ్టు దిగి ఫిషింగ్ హార్బర్‌కెళ్లాను,
గరికిన పోలమ్మకి నెల బాకీ.
ఐసుపెట్టె మూతకి లోపలివైపు బొగ్గుగీతలు,
మనిషికో వరస.
నా వరసలో పదకొండు.
నా డైరీలో పన్నెండు.
‘‘మా పిల్ల పురిటికి పాలసొర తీసుకెళ్లాను కదా,
గియ్యడం మర్చిపోయావు.’’
‘‘మర్సిపోనేదు బాబూ’’ అంది,
కానాగంతల మీద ఐసు చిమ్ముతూ.
‘‘పురిటికిచ్చినదానికి గీత గియ్యం.’’
పదకొండుకే డబ్బు తీసుకుని
బొటనవేలితో వరసంతా తుడిచేసింది.
పన్నెండో పద్దు మిగిలిపోయింది.
పక్కనే రాసుకున్నాను, వివాదంలో ఉన్నది అని.

బెహరా గారు లేరిప్పుడు.
నా పుల్ల ఆ పేజీలోనే ఉంది.
ఆయన సగం
ఆ పూటే ఊడ్చేసి ఉంటారు.

ఆ పురిట్లో పుట్టిన మనవరాలు
ద్వారకానగర్‌లో టాలీ నేర్చుకుంటోంది.
అది కంప్యూటర్లో ఉంటుందిట.
పుల్ల కథ చెబితే నవ్వింది.
‘‘మరి రెండు వైపులా కలవకపోతే?’’ అడిగాను.
‘‘సస్పెన్స్ అకౌంట్‌లో పడేస్తాం తాతా.’’
‘‘అయితే అందులో ఒక పాలసొర వెయ్యి.’’
వేళ్లు కీబోర్డు మీద పెట్టి,
తల తిప్పకుండానే అడిగింది:
‘‘ఎవరి పేరున?’’