గుప్‌చుప్ బండి దగ్గర

రాయగడ స్టేషన్ రోడ్డులో
ఆకు దొన్నెలో పులుపు నీళ్లు తాగుతూ
సస్మిత చెప్పింది, ఒడియా తెలుగూ కలిపి,
కారానికి ముక్కు ఎగబీలుస్తూ:
"రాత్రి పదింటికే గుర్తొచ్చేవాడు
పగలు నిన్నెవరికీ చూపించడే. ఒగ్గీ అలాంటోణ్ణి."

నాకెవడూ లేడు, అది దానికీ తెలుసు.
అయినా పొలమారింది.
నిన్న రాత్రి పదీ పదికి వచ్చిన మెసేజి:
"స్టాకు లెక్క పంపు, అర్జెంటు."
పొద్దున్న మీటింగులో ఆ లెక్క తెర మీద వెలిగింది,
కింద నా పేరు లేదు.
నేను మూల కుర్చీలో,
బిస్కెట్ల ప్లేటుకి దగ్గరగా.

ఆరేళ్లు.
ప్రతి మార్చిలోనూ "వచ్చే మార్చికి పర్మనెంటు" అంటారు
మహాపాత్రో సారు,
ఇంట్లో ఒప్పించి వస్తానని చెప్పే ప్రియుడి గొంతుతో.
నేనూ నమ్ముతాను,
దీపావళికి పెన్నుల సెట్టు ఇచ్చారని,
ఒకసారి జ్వరమొస్తే "జాగ్రత్త" అన్నారని.

ఆ రాత్రి హాస్టల్లో బకెట్టు నిండేదాకా నిలబడి
దాని మాటలన్నీ ఒక్కొక్కటే పిండి ఆరేశాను.

ఒక్కడినే చూసి లోకమనుకోకు, అంది.
లీవు పెట్టి విశాఖ రైలెక్కాను.
పార్వతీపురం దాటేదాకా
ఎవరి కళ్లో కప్పి పారిపోతున్నట్టే ఉంది.
తొందరపడి మనసంతా పరిచేయకు, అంది.
జీతమెంత కావాలని అడిగితే
నాగావళి వంతెన మీద రైలు దాటేంత సేపు ఊరుకున్నాను.
వాళ్లే చెప్పారు. నా అంకె కన్నా ఎనిమిది వేలు ఎక్కువ.

అన్నీ పనికిరాలేదు.
కళ్లు దించి నవ్వమంది ఒకసారి,
ఆడిటరు ముందు నవ్వితే
తప్పు నాదే అనుకున్నాడు.

లేచే ముందు నేనే అడిగాను:
"నా కుర్చీలో ఇదివరకు కూర్చున్నామె ఎందుకు మానేసింది?"
ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.
ఆ చూపు కూడా రాసుకున్నాను,
జీతం అంకె పక్కన.

ఇంకా తేల్చుకోలేదు.
పక్క మంచం మీద సస్మిత
వాడెవడికో నాలుగోసారి
"తిన్నావా?" అని టైపు చేస్తోంది.
నా ఫోనూ మెరిసింది. పదీ పది. అర్జెంటు.
దాన్ని బోర్లించి, అటు తిరిగి
"నీ మాట నీకే చెప్పనా?" అన్నాను.
"వినను" అంది,
ముక్కు ఎగబీలుస్తూ.
ఈసారి కారం కాదు.