చూడనివి

తాడిపత్రిలో, పాలీషు ఫ్యాక్టరీల వెనక,
పగిలిన నాపరాళ్లు పారబోసే దిబ్బ మీద
మాకొక ఊరుండేది.
పేరు ముక్కలపురం.
నిలబెడితే గోడ, పడుకోబెడితే వీధి.
ఆసుపత్రి, జైలు, కరెంటాఫీసు,
ఒక పాలీషు ఫ్యాక్టరీ కూడా.
ఊరన్నాక అది లేకుండా ఎట్ల?

జనాభా తొమ్మిది, సెలవుల్లో పదకొండు.
చౌడప్ప పెద్ద డాక్టరు.
కుళ్లాయప్ప జైలరు,
ఖైదీలు దొరక్క తనే లోపల కూచునేవాడు.
రాత గుండ్రంగా ఉంటుందని నేను గుమాస్తా.
మాబున్ని తనిఖీ ఆఫీసరు.

ఆమెను ఎవరూ ఎన్నుకోలేదు.
ఒక సాయంత్రం వాళ్ల నాయన చెప్పులు తొడుక్కుని
టపటపమని దిబ్బెక్కి వచ్చింది.
"ఎవురూ ఏమీ సర్దొద్దు,
ఎట్లుండేది అట్లనే ఉండనీండి" అనింది.
అంతే.

మంచాలు లెక్కబెట్టేది. ఇటుక పెళ్లలవి.
ఒకదాన్ని ఊపి చూసి
"ఇది ఊగుతాంది, రాయి" అనేది.
దిబ్బ నిండా రాయే,
ఆమె నోట్లోనూ రాయే.
నేను రాసేవాణ్ణి.

తొట్టిలో వేలు ముంచి తీసి,
వేలికంటిన తెల్లటి రాతిబురద చూపించి
"ఇవి తాగేటివా?" అని అడిగేది.
"నిజం నీళ్లు కాదు కదా మాబూ!"
"నువ్వు నిజం డాక్టరువా?"
చౌడప్ప నోరు మూతబడేది.

మా ఊరికి ఒకటే కట్టుబాటు:
ఆమె రాయించింది నిజం.
తొట్టి బాగాలేదని రాస్తే
కడిగేదాకా ఎవరికీ దప్పిక కాకూడదు.

ఒకసారి తొందరలో
"సంతృప్తికరం" అని రాసేసినా,
బళ్లో తనిఖీకొచ్చినాయన రాయంగ చూసిన మాట.
కాగితం ఎండకు పట్టుకుని
"ఇది యాడుంది? చూపీ" అనింది.
దిబ్బంతా వెతికినాం.
కొట్టేసినా.

రిపోర్టు అడుగున ఒక గడి గీయించేది:
చూడనివి. పక్కనే కారణం.
తాళమేసిన గది. తాళంచెవి నాగేంద్ర జేబులో,
నాగేంద్ర సంగటికి పోయినాడు.
గుంత అడుగు. చీకటి.
జైలరు మనసు. అలిగినాడు, చెప్పడంట.
"ఇదంతా ఎందుకు?" అంటే
"రాయకపోతే చూసినామనుకుంటారప్పా."

మా ఫ్యాక్టరీ జోలికి మాత్రం చానా దినాలు రాలేదు.
కోతమిషను కింద వాళ్లన్న రెండు వేళ్లు పోయిన వారం
చెప్పులు తొడుక్కుని నేరుగా అక్కడికే వచ్చింది.
సైకిలు పళ్లచక్రం మా రంపం.
చేత్తో తిప్పింది.
అది ఆగిందాకా నిలబడింది.
"చక్రానికి మూత లేదు. రాయి."
రాసినా.
"ఫ్యాక్టరీ మూసేసినాం. రాయి."
రాసినా.
ఊరు ఊరంతా చేతులు ముడుచుకుని కూచుంది.
మరుసటి దినం కుళ్లాయప్ప
డాల్డా డబ్బా కోసి మూత చేసి తెచ్చినాడు.
ఆమె తన వేలే పెట్టి చూసింది, మూడుసార్లు.
అప్పుడు తెరిపించింది.

దిబ్బ కింద అసలు మిషన్లు
అట్లనే కూస్తాండినాయి.

ఆ నెలలోనే ఒక జీపు వచ్చింది.
పైనుంచి చూస్తానే ఉన్నాం.
ఒకాయన దిగినాడు, ఓనరు గదిలోకి పోయినాడు.
పిల్లోడొకడు సోడాలు రెండు పట్టకపోయినాడు.
సీసాలు ఖాళీగా బయటికొచ్చినాయి,
వెనకనే ఆయన.
జీపు పోయింది.
మాబున్ని ఏమీ రాయమనలేదు.
నేను పెన్ను మూత తీసే ఉన్నా.

ఇప్పుడు నాకు అనంతపురంలో ఉద్యోగం.
ఫారాలు అచ్చయి వస్తాయి, ఇరవై రెండు గడులు.
ఆ గడి లేదు.
ఇంటికొచ్చినాక, ఒక్కోసారి,
నకలు వెనక పెన్సిలుతో గీసుకుంటాను.

చూడనివి:
రెండో షెడ్డు. గేటు కాడ కుక్క.
రాత్రి షిఫ్టు. నేను పోయింది పగలు.
మాబున్ని. గుత్తిలో ఇచ్చినారని విన్నా,
బస్సుకు గంటన్నర.
కారణం: