ఎర్రతీగ, నల్లతీగ

పిన్ని చీటీ పాడి
ఒంగోలు ట్రంకురోడ్డులో కొన్న హోమ్ థియేటర్.
డబ్బా విప్పితే నట్టింటినిండా థర్మాకోల్ పొట్టు,
ఐదు చిన్న పెట్టెలు, ఒక పెద్ద పెట్టె.
కాగితం మీది బొమ్మ అంతుపట్టక
తలకిందులుగా కూడా పట్టి చూశాను.

మాలకొండయ్య బాబాయి తీగ అందుకున్నాడు.
చీమకుర్తి క్వారీలో ఇరవైరెండేళ్లు
రాతి తూట్లలో మందు కూరిన చేతులు.
పంటితో తొడుగు ఒలిచి, రాగిపోగులు మెలేసి
ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి.
ఒక్కోటీ రెండుసార్లు లాగి చూసి
"వదులైందంటే దగ్గరికి పోయి చూడాల్సొస్తదిరా,
అట్టా చూడబోయే గదా మా ఓబులేసు..."
మిగతాది మింగేశాడు.

వెనక పెట్టెలకి తీగ చాల్లేదు.
క్యాలెండర్ మేకుకి ఓ చుట్టు తిప్పి
బియ్యం డ్రమ్ము వెనకనించి లాక్కొచ్చాం.

ప్లగ్గు పెట్టబోతుంటే
"ఆగు!"
పిల్లల్ని వరండాలోకి తోలాడు,
పిన్నిని తలుపు చాటుకి,
గడపలో కోడిపెట్టని కూడా.
రెండువేళ్లు నోట్లో పెట్టి మూడు ఈలలు వేశాడు.
నవ్వబోయి, ఆయన మొహం చూసి మానుకున్నాను.

స్విచ్చి.

కుడివైపు కప్పలు. ఎడమవైపు వాన.
ఎడం చెవి క్వారీకిచ్చేసినోడు
"ఈ పక్కది పలకట్లా" అన్నాడు.
పలుకుతోంది బాబాయ్ అనలేక
తీగ విప్పి, మళ్లీ బిగించాను.

ఆయనిక అడగలేదు.
పెద్దపెట్టె పక్కన చతికిలబడి
నేలమీది గెలాక్సీ బండకి అరచెయ్యి ఆనించి,
లోపల గుమ్ గుమ్మంటుంటే
"ఇది బాగుందిరా" అన్నాడు,
"ఇది ఇనపడతా ఉంది."