మూడున్నర కిలోల పాట

బెజవాడ ఏలూరు రోడ్డులో
పాత పుస్తకాల బండి మీద దొరికింది.
ఇరవై అన్నాడు, పదిహేనుకిచ్చాడు.
అట్ట మీద ఐదుగురాడాళ్లు
సముద్రపొడ్డున నల్లరాళ్ల మీద నిలబడి ఉన్నారు.
ఒకామె చేతిలో ఫిడేలు,
ఒకామె చేతిలో జల్లెడంత డప్పు,
ఒకామె చంకలో తిత్తి, కొలిమి తిత్తే అనుకున్నాను ముందు.
ఒక్కరూ నవ్వడం లేదు.
గాలికి జుట్టు మొహాన పడుతుంటే
ఫోటో తీసేవాడు తొందరగా కానిస్తే పనికి పోదామన్నట్టున్నారు.
అందుకే కొన్నాను.

పేర్లు చదవబోయాను.
అక్షరాలు ఇంగ్లీషువే, ఒక్కటీ నోటికి లొంగలేదు.
ఐర్లండు అని మాత్రం తెలిసింది.

గుంటూరు ఏటుకూరు రోడ్డులో, కోల్డ్ స్టోరేజీలో
నాది కాటా దగ్గర పని.
పదకొండుమంది మిరపకాయల తొడిమలు తీస్తారు,
నేను తూచి రాస్తాను, కిలోకి ఇంతని.
దగ్గుకి, మాటకి,
చంటిదానికి పాలిచ్చిన పావుగంటకి
పుస్తకంలో గడి లేదు.

వాచ్‌మన్ సినిమాలు చూసుకునే డీవీడీ పెట్టెలో
అన్నాలయ్యాక వేశాను.

మొదటిదే పరుగు.
ఫిడేలు ముందు ఉరికింది,
పిల్లనగ్రోవి దాని కొంగు పట్టుకుంది,
తకిట తకిట తకిట తకిట
వెనక నుంచి డప్పు తోస్తోంది.
ముందు మస్తాన్‌బీ వేళ్లు విన్నాయి, తర్వాత మస్తాన్‌బీ.
గిల్లు, విసురు. గిల్లు, విసురు.
తేజా కాయలు గుట్ట మీదికి ఎగిరిపడుతున్నాయి.
"పెళ్లికొడుకు ఊరేగింపులా ఉందే" అంది కోటిరత్నం.
"కాదే, పెళ్లికూతురు గోడ దూకి పోతోంది" అంది శౌరమ్మ.
తుమ్ముతూ నవ్వారు, నవ్వుతూ తుమ్మారు.

నాలుగోదానికి మాటల్లేవు, వాయిద్యమూ లేదు.
డిడిల్ డైడిల్ అని నాలుకతోనే నడిపించింది ఒకామె.
వాయిద్యం కొనలేని ఇంట్లో పుట్టి ఉంటుంది ఆ పాట.
రెండు వరసలు వినేసరికి
కోటిరత్నం నాలుక కూడా అందుకుంది.

ఆ గంట తూకం పెరిగింది.
మేస్త్రి సాంబయ్య కాటా అంకె చూసి
"రోజూ వెయ్ ఈ దొరసానుల్ని" అన్నాడు.

ఏడోది మొదలయ్యేసరికి
అన్నీ తప్పుకున్నాయి. ఒకే గొంతు.
ఎక్కుతూ ఎక్కుతూ సగం మెట్టు మీద ఆగి,
అక్కడే వణికి,
దిగలేక దిగింది.
పదకొండుమంది చేతులూ ఆగిపోయాయి.
ఫ్యాను చప్పుడు నాకు ఆ రోజే తెలిసింది.

శౌరమ్మ కళ్లు తుడుచుకోలేదు,
కారం చేతులు కదా,
మొహం భుజానికి రాసుకుంది.
"ఎవరు పోయారే దీంట్లో?"
అట్టలోని కాగితం విప్పి కూడబలుక్కున్నాను.
"ఎవరూ పోలేదు పిన్నీ, జోలపాటంట."
"జోలపాటే.
బిడ్డ ఉందని రాశారా?"
రాయలేదు.

రేషన్ కార్డులో శౌరమ్మకి ముగ్గురు పిల్లలు.
ఎవరడిగినా నాలుగు పేర్లు చెబుతుంది.

మళ్లీ వెయ్యమన్నారు, వేశాను.
మూడోసారి ఎవరూ అడగలేదు,
నేనే వేశాను.

సాయంత్రం మొత్తం కూడితే
నిన్నటికంటే మూడున్నర కిలోలు తక్కువ.
పరుగు పాటలు పెంచిందంతా ఆ ఒక్క పాటే తినేసి
ఇంకా అప్పు పెట్టింది.
సాంబయ్య గడి మీద వేలు పెట్టి అడిగాడు.
"కరెంటు పోయింది" అని రాశాను.
నెత్తిన ఫ్యాను తిరుగుతూనే ఉంది,
అతను దాన్ని ఒకసారి చూసి
ఏమీ అనలేదు.

ఇంటికొచ్చి చూస్తే
సీడీ మెరిసే వైపు ఎవరిదో కారం వేలిముద్ర.
తుడిస్తే గీతలు పడతాయని అలాగే ఉంచాను.
ఇప్పుడు ఏడో పాటలో,
ఆ గొంతు మెట్టెక్కే చోట,
చిన్నగా తట్టుకుంటుంది.
యార్డులో ఎవరో దగ్గి,
మళ్లీ పనిలో పడ్డట్టు.