నీటి గీత

మా పుస్తకంలో నగరమంటే
ఒకదాని చుట్టూ ఒకటి వలయాలు.
నడిమధ్య అంగడి, దాన్నానుకుని కూలీలు,
అంచున పచ్చికలో డబ్బున్నోళ్లు.
మంచు కురిసే ఏదో ఊరిని చూసి
ఎవరో కంపాసుతో గీసిన గుండ్రం.

తరువాత వచ్చినవాళ్లు
అవి వలయాలు కావు, భూమి ధరలన్నారు.
ఆ తరువాతివాళ్లు అడిగారు:
చీకటిపడ్డాక ఈ సందులో ఆడది నడవగలదా?
ప్రతి తరమూ పాత పటం మీద
రబ్బరు రుద్దిన మరక.

ఊరు ఎప్పుడో పుట్టింది.
దాని చదువు ఆఖరి బస్సుకు దిగింది,
నాతోపాటు, కర్నూలు పాతబస్తీలో,
నలభై రెండు ప్రశ్నల కాగితంతో.

మాబున్ని బొంత కుడుతోంది.
"నగర కేంద్రానికి మీ ఇల్లెంత దూరం?"
"అది యాడుంటాది నాయనా?"
సూది వదలకుండానే లేచి గోడ చూపించింది.
నా తలకు జానెడు పైన
మట్టిరంగు గీత.

"తొమ్మిదిలో హంద్రీ, తుంగభద్ర కలిసొచ్చి గీసినాయి.
ఎవురింట్లో నడుముకాడ, ఎవురింట్లో మిద్దెకాడ,
అడుగుతా పో. ఊరు తెలుస్తాది."

కాలవలు తీసే మద్దిలేటి
పార ఆనించి నవ్వాడు:
"ఒకప్పుడు ఈడ రాజధానంట, గుడారాల్లో.
గుడారాలు పోయినాయి.
వాలు మాత్రం అట్నే ఉండాది."

నా కాగితంలో గీతకు గడి లేదు.
వెనక్కి తిప్పి
గడపగడపకూ ఎత్తు రాసుకుంటూ పోయాను,
మూరల్లో, జానల్లో,
ఒకచోట "పాప ఉయ్యాల కొక్కెం దాకా" అని.

బుధవారపేట మలుపులో
ఎవరో గోడకు సున్నం కొడుతున్నారు.
"ఆగండి, ఆగండి" అంటూ
పరుగెత్తాను.