రెండు టవర్ల మధ్య

గుణుపురం బస్టాండు వెనక సందులో
బోర్డు మీద మూడు లిపులున్న దుకాణం.
దుర్యోధన పాత్రో నా ఫోను బల్ల మీద పెట్టి
వేలితో ఒక్క తోపు తోశాడు.
గిరగిరా తిరిగింది.
"తిరక్కూడదు దీదీ. నడుం ఉబ్బింది."

వెనక మూత ఊడదీస్తే
నూనెలోంచి అప్పుడే తీసిన పూరీలా నా బ్యాటరీ.
నాలుగేళ్లు మరి.
ఎన్ని టీకాల పేర్లు, ఎన్ని కడుపుల నెలలు
దీని ఒంట్లోంచి కొండ దిగి వెళ్లాయో.

"దీని తప్పు కాదు ఆజ్ఞా, మీ దారిది" అన్నాడు
పట్టకారు పళ్ల మధ్య పెట్టుకుని.
"తొలగూడ మలుపులో ఒడిశా టవరు అందదు,
ఆంధ్రాది పిలుస్తుంది.
అటు పోయేసరికి మళ్లీ ఇటుది.
మీరు జీడిచెట్టు కింద కూచుని సద్ది తింటున్నా
ఇది గుట్టల మీద పరిగెడుతూనే ఉంటుంది.
అక్కడ విమానం బొమ్మ నొక్కేయండి."

నాకు నవ్వొచ్చింది.
ఇంట్లో తెలుగు, రిజిస్టర్లో ఒడియా,
కొండెక్కితే సవర, అదీ సగమే.
సాయంత్రానికి నా ఒళ్లు వేడెక్కేదీ అందుకేనేమో,
ఎవరూ మూత తీసి చూడలేదు గానీ.

మూడు బ్యాటరీలు పరిచాడు.
ఒకటి రెండొందల యాభై.
"ఈ అంకె చూడండి, ఇంత ఒంట్లో అంత పట్టదు."
రెండోది కంపెనీదే, మూడేళ్ల కిందటిది.
"డబ్బాలో పడుకున్నా ముసలితనం ఆగదు."
మూడోదాని తేదీ కళ్లద్దాలు తీసి
ముక్కుకి ఆనించుకుని చదివాను.
ఏప్రిల్. ఈ ఏడాదే.
బేరం ఎనిమిదొందల నలభై దగ్గర ఆగింది.

సంతలో కొన్న పవర్ బ్యాంకు కూడా ఇచ్చాను,
ముప్పైవేలని బంగారు అక్షరాలతో రాసున్నది.
అరచేతిలో ఎగరేసి పట్టుకుని
స్క్రూడ్రైవరుతో పొట్ట విప్పాడు.
ఒక్క సెల్లు. పక్కన ప్లాస్టిక్ సంచిలో
ఇసుక.

వంశధార గట్టున పుట్టినదాన్ని,
ఆరొందలిచ్చి ఇసుక కొనుక్కున్నాను.
దుకాణంలో నలుగురూ నవ్వారు.
నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

"ఈ పదివేలది తీసుకోండి.
చేతికొచ్చేది ఆరువేలే.
మస్తరులో రాసే కూలీ వేరు, ముట్టే కూలీ వేరు కదా.
ఆ ఆరూ మాత్రం ఎగ్గొట్టదు."

శుక్రవారం టీకాల పెట్టెతో కొండెక్కాను.
తొలగూడలో ట్రాన్స్‌ఫార్మరు కాలి పన్నెండో రోజు.
సంచిలోంచి నల్ల దిమ్మ తీశానో లేదో
గుమ్మాల్లోంచి ఫోన్లు, చచ్చిపడున్నవి,
తెర పగిలినవి, రబ్బరుబ్యాండు చుట్టినవి.
"ఒక్క మాట దీదీ, కేరళలో ఉన్నాడు."
"మా తమ్ముడి పరీక్ష ఫలితం."

సీసా విప్పితే పది చుక్కలు, పదిమంది పిల్లలు.
ఆ లెక్క నాకు వచ్చు.
తలా పది శాతం, వాచీ చూసుకుంటూ.
ఎస్తేరు రైతాకి మాత్రం పాతిక.
దానికి తొమ్మిదో నెల. నొప్పులొస్తే
దాని అత్త బండరాయి ఎక్కి
నాకే ఫోను చేయాలి.
గోపీనాథ్ గమాంగ్ గొణిగాడు.
గొణగనిచ్చాను.

దిగేటప్పటికి దిమ్మ మీద దీపాలన్నీ ఆరాయి.
నా ఫోన్లో ముప్పై ఒకటి.
మలుపులో టింగుమంది,
ఆంధ్రప్రదేశ్‌కి స్వాగతమట.
రెండడుగులేశానో లేదో, ఒడిశాకి స్వాగతం.
జేబులో వెచ్చబడుతోంది.

విమానం బొమ్మ నొక్కాను.
నేను ఎన్నడూ ఎక్కనిది,
నా ఫోను ఎక్కి కూచుంది చల్లగా.
పన్నెండడుగులు నడిచాను, లెక్కపెట్టాను.
పదమూడోది పడలేదు.

ఎస్తేరు అత్త
ఇప్పుడే బండ ఎక్కితే?

దించేశాను.
ముప్పై. ఇరవై తొమ్మిది.
పరిగెత్తనీ.